ఇంటి ప్లాను తప్పులు: యంత్రమువా? మనవా?



సిమెంటు, ఇనుము, పైపులు అమ్ముకొను వ్యాపారికి కంప్యూటరు సంగతి ఏల యని పాఠకులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. నా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. అయినను హోసూరు పట్టణమున ఇరువది సంవత్సరములుగా దుకాణము నడుపుచున్నవాడను. ఇల్లు కట్టదలచిన కుటుంబము ప్లాను కాగితము చేతబట్టుకొని ముందుగా మా వంటివారి గుమ్మమే ఎక్కును. ఇటుక ఎంత, కమ్మి ఎంత, పలకలు ఎన్ని యని లెక్క వేయుటకు ఆ కాగితమును నేను చదువక తప్పదు. నేను వ్యాపారమున ప్రవేశించిన నాళ్లలో చేతితో గీసిన ప్లానులు తరచుగా వచ్చుచుండెడివి. నేడు వచ్చునవి దాదాపు అన్నియు కంప్యూటరుపై గీసినవే. చూపునకు అవి మిక్కిలి చక్కగా నుండును. గీతలు వంకర పోవు, అంకెలు అచ్చొత్తినట్లుండును. ఆ చక్కదనమును చూచి మనము మోసపోవుచున్నామని చెప్పుటకే ఈ వ్యాసము.

గత సంవత్సరము మా పెద్దక్కగారు ఇల్లు కట్టుకొన్నారు. బావగారు గతించిన పిదప ఆమె కూడబెట్టిన సొమ్మును, తన మెడలోని బంగారమును అమ్మగా వచ్చిన సొమ్మును అందులో పెట్టినారు. ఆ యింట వెనుక గది ఆమె అత్తగారి కొరకు ఏర్పరచినది. ఆ వృద్ధురాలు వాకరు ఊతతో తప్ప నడువజాలదు. అందువలన లెక్క ముందే వేసికొంటిమి. మంచము నిడివి ఆరున్నర అడుగులు, బీరువా లోతు అడుగు తొమ్మిది అంగుళములు, నడుమ వాకరు తిరుగుటకు రెండున్నర అడుగులు, వెరసి పది అడుగుల తొమ్మిది అంగుళములు. ఒక అంగుళము మిగులు ఉంచి గది వెడల్పు పది అడుగుల పది అంగుళములు అని నిశ్చయించితిమి.

లింటెలు మట్టము వరకు గోడలు లేచిన పిదప మా అక్కగారు టేపు పట్టి చూచినారు. గది వెడల్పు పది అడుగుల ఒక అంగుళము మాత్రమే యున్నది. మంచము, బీరువా పోగా మిగులునది అడుగు పది అంగుళములు. ఆ సందులో వాకరు దూరదు. మేస్త్రీని పిలిపించితిమి. "కాగితములో ఉన్నదే కట్టినాను సామీ" అని అతడు ప్లాను చూపెను. కాగితములోను అట్లే యున్నది. ప్లాను గీసిన కుర్రవాని నడుగగా, "సాఫ్ట్‌వేరులో ఏదో పొరపాటు జరిగినట్లున్నది" అనెను. బంధువులందరును కంప్యూటరునే తిట్టిరి. వారితోపాటు నేనును తిట్టితిని.

మా అక్కగారి చిన్న కుమార్తె డిప్లమో చదువుచున్నది. ఆమె ఆ ఫైలును తెరచి చూచి, ఆ కుర్రవానికి మొదట ఇచ్చిన కొలతల చీటీని తెప్పించినది. చీటీలో 10.10 అని యున్నది. మేస్త్రీలును, మా వంటి వ్యాపారులును పది అడుగుల పది అంగుళములను నడుమ చుక్క పెట్టి అట్లే వ్రాయుదురు. యంత్రమునకు ఆ చుక్క దశాంశ బిందువు. దాని లెక్కలో 10.10 అడుగులనగా పది అడుగులును, అడుగులో పదవ వంతును, అనగా పది అడుగుల ఒకటింబాతిక అంగుళముకన్న కొంచెము తక్కువ. ఇంచుమించు తొమ్మిది అంగుళములు గాలిలో కలిసిపోయినవి. "మామయ్యా, యంత్రము మీరు చెప్పినదే చేసినది" అని ఆ పిల్ల చీటీ నా చేతిలో పెట్టినది. ఆ చేతివ్రాత నాదే.

అడ్డుగోడ పడగొట్టించి, హాలులోనుండి ఆ తొమ్మిది అంగుళములు తీసికొని మరల కట్టించితిమి. ఇటుక, సిమెంటు, కూలి ఖర్చు నేను భరించితిని. అది న్యాయమే. కాని ఖర్చుకంటె నన్ను బాధించినది వేరొకటి. చీటీ వెదకి చూడనంత కాలము ఆ తప్పును అందరమును యంత్రము నెత్తిన వేసి నిశ్చింతగా నుంటిమి. తప్పు యంత్రమునదని నమ్మినవాడు దానిని వెదకడు. వెదకనివాడు మరుసటి యింటికిని అదే చీటీ వ్రాయును.

ఆనాటినుండి మా దుకాణమునకు వచ్చు ప్లానులలో ఏ తప్పు కనబడినను అది ఎచ్చట పుట్టినదో విచారించుచున్నాను. మా మేనకోడలు నాకు గురువైనది. నేను గ్రహించినది ఇది: ఇంటి ప్లానులు గీయు సాధనములను గూర్చి మనవారు చెప్పు ఫిర్యాదులలో అధిక భాగము యంత్రము చెడిపోవుటవలన కలిగినవి కావు. ఒక చేతినుండి మరియొక చేతికి పని మారునపుడు కలిగినవి. చీటీనుండి యంత్రమునకు, యంత్రమునుండి కాగితమునకు, కాగితమునుండి మేస్త్రీకి మారు ఆ మూడు కడపలలో ఇంటివారు కాపలా యుండవలయును. ఆ పని ఇంజనీరుది కాదు, ఇంటివారిదే.

ఈ సాధనములు నిన్న మొన్నటివి కావు. ఆటోక్యాడ్ అనునది 1982లో వెలువడినది. స్వీట్ హోమ్ త్రీడీ అను ఉచిత సాధనము 2006 నుండి లభించుచున్నది. సామాన్య గృహస్థుడును దానిని తన కంప్యూటరులో పెట్టుకొని గదులు గీసి, కుర్చీలు, మంచములు అమర్చి చూచుకొనవచ్చును. ఇంత సులభమైన వస్తువు మన చేతికి వచ్చినపుడు దాని నడవడి కొంత తెలిసికొనుట మన విధి.

మొదటి కడప కొలతలది. చుక్క సంగతి చెప్పితిని. ఇంకొక ఉదాహరణము చూడుడు. చీటీలో 10.1 అన్న పది అడుగుల ఒక అంగుళము, 10.10 అన్న పది అడుగుల పది అంగుళములు. మేస్త్రీకి ఈ రెండును వేరు, యంత్రమునకు రెండును ఒకటే. 10.6 అని వ్రాసినచో అది పది అడుగుల ఏడు అంగుళములకన్న కొంచెము ఎక్కువగా గ్రహించును. ఒక గదిలో ఒక అంగుళము తేడా కనబడదు. వరుసగా నాలుగు గదులలో అట్లే పెరిగినచో చివరి గోడ స్థలపు హద్దు దాటవచ్చును. కావున కొలతలు వ్రాయునపుడు చుక్కను విడిచి, "10 అడుగులు 6 అంగుళములు" అని అక్షరములతో వ్రాయుడు. రెండు క్షణములు ఎక్కువ పట్టును, అంతియే.

కొలమానము ఏదో ముందే నిర్ణయించుకొనుట కూడ ఇందులోనిదే. ఆటోక్యాడ్‌లో "యూనిట్స్" అను ఆజ్ఞ ఇచ్చినచో ఆ చిత్రము ఏ పద్ధతిలో నున్నదో తెరపై కనబడును. అడుగులు, అంగుళముల పద్ధతికి అందు "ఆర్కిటెక్చరల్" అని పేరు. ఆ పద్ధతిలో అడుగుల గుర్తు పెట్టక పది అని మాత్రము కొట్టినచో యంత్రము పది అంగుళములనియే తలచును. "గది గీసినాను గాని అగ్గిపెట్టె యంత వచ్చినది" అను ఫిర్యాదునకు సాధారణముగా ఇదియే కారణము. దీనికి విపరీతమును కలదు. వేరొక చోటనుండి తెచ్చిన తలుపు బొమ్మ మిల్లీమీటర్లలో గీసినదై, మన చిత్రము అంగుళములలో నుండి, ఆ భేదము యంత్రమునకు తెలుపనిచో, తలుపు 25.4 రెట్లు పెరిగి ఇంటికంటె పెద్దదై కూర్చుండును. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గదా! పరీక్ష సులభము. మూడు అడుగులని మనకు నిశ్చయముగా తెలిసిన తలుపును "డిస్ట్" అను ఆజ్ఞతో కొలిచి చూడవలెను. మూడు అడుగులు రానిచో అక్కడనే ఆగవలెను.

మన దేశము 1956 నాటి శాసనముతో మెట్రిక్ కొలతలను అంగీకరించి 1958 నుండి అమలు ప్రారంభించినది. అయినను ఇల్లు కట్టువారి నోట నేటికిని అడుగులు, అంగుళములే వచ్చును. అనుమతి కొరకు సమర్పించు ప్లానులో మీటర్లు, మేస్త్రీ చేతిలో అడుగులు. మన తెలుగువారికి ఇంకొక చిక్కు కూడ కలదు. పలు రాష్ట్రములలో స్థిరపడినవారము కనుక బంధువుల మధ్య కాగితములు ఒక రాష్ట్రమునుండి మరొక రాష్ట్రమునకు పోవుచుండును. కర్ణాటకమున ఎకరమునకు నలుబది గుంటలు, గుంట యనగా 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరమునకు ఇరువదియైదు గుంఠలు, ఒక్కొక్కటి 1,742 చదరపు అడుగుల పైచిలుకు. బళ్ళారిలోని తమ్ముడు బరంపురములోని అన్నకు "రెండు గుంటల స్థలమునకు ప్లాను గీయించు" మని వ్రాసినచో, గీయువాడు దేనిని గ్రహించును? చెన్నపట్టణమున గ్రౌండు అనగా 2,400 చదరపు అడుగులు. ఈ పేర్లను యంత్రమునకు అప్పగింపరాదు. స్థలము నాలుగు ప్రక్కల కొలతలను అడుగులలోనో మీటర్లలోనో వ్రాసి ఇయ్యవలెను.

గోడ మందము సంగతి కూడ ఇచ్చటనే చెప్పెదను. తొమ్మిది అంగుళముల గోడలు రెండింటి మధ్య గదిని గోడ నడిగీతనుండి నడిగీతకు పది అడుగులని గీసినచో, లోపల మిగులునది తొమ్మిది అడుగుల మూడు అంగుళములే. సిమెంటు పూత ఇరువైపుల అర్ధ అంగుళము చొప్పున పట్టినచో ఇంకొక అంగుళము తగ్గును. "ప్లానులో పది, కట్టిన పిదప తొమ్మిదింబాతికకు లోపు" అని నాతో ఎందరు మొరపెట్టుకొనిరో లెక్క లేదు. ప్లానులోని అంకె లోపలి కొలతయా, నడిగీతల కొలతయా యని అడిగి తెలిసికొనుడు. ఆ ప్రశ్న నడుగుటకు ఏ పట్టమును అక్కరలేదు.

గది గీసినను దాని వైశాల్యము చూపుట లేదనియు, రంగు నింపబోయిన నిండుట లేదనియు కొందరు యువకులు చెప్పుదురు. తొంబది పాళ్లు అచ్చట గోడల మూల కలియక సన్నని సందు మిగిలి యుండును. కంటికి కనబడదు. మూలను బాగుగా పెద్దదిగా చేసి చూచినచో కనబడును. స్వీట్ హోమ్ త్రీడీలో గోడలు నాలుగును కలిసినగాని గది నడుమ రెండుసార్లు నొక్కినను గది ఏర్పడదు. అందే చేతి ప్లాను ఛాయాచిత్రమును అడుగున పరచి దానిపై గీయు సౌకర్యము కలదు. అపుడు ఒక గీత గీసి దాని నిజమైన పొడవెంతో చెప్పుమని యంత్రము అడుగును. ఆ ఒక్క అంకె తప్పినచో ఇల్లంతయు తప్పును. కావున చిన్న కిటికీని గాక, స్థలపు పొడవైన ప్రక్కను ఆ కొలతకు ఎన్నుకొనవలెను.

రెండవ కడప కాగితముది. తెరపై సరిగా నున్న ప్లాను అచ్చులో చెడుట మిక్కిలి సాధారణము. నూటికి ఒకటి నిష్పత్తిలో ఎ3 కాగితమునకు ఏర్పరచిన ప్లానును జిరాక్సు కొట్టులో ఎ4 కాగితముపై "కాగితమునకు సరిపడునట్లు" అను ఏర్పాటుతో అచ్చు వేయుదురు. చిత్రము సుమారు ఏడు పదవ వంతులకు కుంచించుకొనిపోవును. క్రింద మాత్రము "నూటికి ఒకటి" అను మాట చెక్కుచెదరక నిలిచి యుండును. దానిపై స్కేలు పెట్టి కొలిచినవానికి పది అడుగుల గది ఇంచుమించు ఏడు అడుగులుగా తేలును. దీనికి రెండు మందులు. ఒకటి, కాగితముపై స్కేలు పెట్టి కొలుచుటను మేస్త్రీకి నిషేధించి, వ్రాసిన అంకెనే చదువుమనుట. రెండు, ప్లాను అంచున పది అడుగుల పొడవు గల కొలబద్ద గీతను గీయించుట. చిత్రము కుంచించుకొన్నచో ఆ గీతయు దానితోపాటు కుంచించుకొనును. అది అబద్ధ మాడజాలదు.

తెరపై కనబడిన గీతలు కాగితముపై రాకపోవుట ఇంకొక ఫిర్యాదు. ఆటోక్యాడ్ చిత్రము పొరలు పొరలుగా నుండును, వాటిని లేయరు లందురు. అందు "డెఫ్‌పాయింట్స్" అను పొరపై గీసినవి తెరపై కనబడును గాని అచ్చు కావు. తెలియక నీటి పైపుల గీతలు ఆ పొరపై గీసి, కాగితమున పైపులే లేక గోడలు పూర్తి యైన పిదప తవ్వినవారిని నేనెరుగుదును. ఆ గీతలను వేరొక పొరకు మార్చినచో చాలును.

మూడవ కడప అక్షరములది. ఇది మన సంఘమునకు మిక్కిలి దగ్గర సంగతి. ప్లానుపై గదుల పేర్లన్నియు ఆంగ్లమున నుండును. మా ప్రాంతపు మేస్త్రీలలో తెలుగు చదువగలవారు కలరు, తమిళము చదువగలవారు కలరు, కన్నడము చదువగలవారును కలరు. ఆంగ్లపు పొడి అక్షరముల గుర్తులు చదివి అర్థము చేసికొనువారు తక్కువ. ఇంటి పెద్దమ్మల సంగతి చెప్పనక్కరలేదు. తమ వంటగది ఎచ్చటనో తెలియక తలయూపు తల్లులను మా దుకాణమున ఎన్నిసార్లో చూచితిని. "తెలుగులో వ్రాయరాదా" అని అడిగినచో, "ఆ సాఫ్ట్‌వేరులో తెలుగు రాదండీ, ప్రశ్నార్థకములు వచ్చును" అని సమాధానము.

ఇది సగము నిజము. ఆటోక్యాడ్‌తో వచ్చు పాతరకపు గీతల అక్షరములలో తెలుగు లేదు. అందువలన లిపికి బదులు ప్రశ్నార్థకములు వచ్చును. తెలుగు గల అక్షర సంచయమును, అనగా విండోస్‌తో వచ్చు గౌతమి, నిర్మల వంటివానినో, ఉచితముగా లభించు నోటో తెలుగునో ఎన్నుకొని వ్రాయవలెను. యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికలో తెలుగు 1991లోనే చోటు సంపాదించుకొన్నది. ముద్రణాలయముల పాత పద్ధతిలో కొట్టిన తెలుగును అతికించినచో మాత్రము పిచ్చి గుర్తులు వచ్చును, దానిని యూనికోడ్‌లో మరల కొట్టవలసినదే. ఇచ్చట చక్కగా కనబడి, ఇంకొకరి యంత్రమున డబ్బాలుగా మారినచో, వారి యంత్రమున ఆ అక్షర సంచయము లేదని అర్థము. పీడీఎఫ్ చేయునపుడు అక్షరములను దానిలో పొదిగి పంపినచో ఆ చిక్కు తీరును. ఒత్తులు, గుణింతములు సరిగా కూర్చున్నవో లేదో అచ్చు వేసిన కాగితమున తప్పక చూచుకొనవలెను.

వసారా, వంటగది, పడకగది, దేవుని గది, పెరడు, మెట్లు. ఒక యింటికి ఇరువది మాటలు మించవు. వాటి ప్రక్కనే తమిళమునో కన్నడమునో వ్రాయుటలో అభ్యంతరము లేదు. మన పిల్లలలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురే గాని చదువుట ఎరుగరు. తాము నివసింపబోవు ఇంటి ప్లానుపై తెలుగు అక్షరములు చూచినచో, కనీసము ఆ ఇరువది మాటలైనను వారి కన్నులకు పరిచయమగును. సభలలో భాషాభిమానమును గూర్చి ఉపన్యసించుటకంటె ఇది చిన్న పని, కాని చేయదగిన పని.

ఈ మూడు కడపలతోపాటు ఫైళ్ల బాధ యొకటి కలదు. కరెంటు పోయి మూడు గంటల పని మాయమైనదని వాపోవుట వినుచుందుము. మాయమైనదని నిరాశ చెందక ముందు వెదకవలెను. ఆటోక్యాడ్ ఫైలును మనము భద్రపరచినప్పుడెల్ల అంతకు ముందరి ప్రతిని బీఏకే అను తోకతో ప్రక్కన ఉంచును. ఆ తోకను డీడబ్ల్యూజీ అని మార్చినచో మరల తెరుచుకొనును. ఇదిగాక పది నిమిషముల కొకసారి తనంతట తాను భద్రపరచు ఏర్పాటును కలదు. దాని తోక ఎస్వీ, డాలరు గుర్తు. చెడిన ఫైలునకు "రికవర్" అను ఆజ్ఞయు, తెరచిన ఫైలులోని దోషముల పరీక్షకు "ఆడిట్" అను ఆజ్ఞయు, పనికిరాని బరువు తొలగించుటకు "పర్జ్" అను ఆజ్ఞయు ఉపయోగపడును. ఫైలు తెరువబోయినచో కిటికీ రాక క్రింది వరుసలో పేరు కొట్టుమని అడుగుచున్నచో "ఫైల్‌డయా" అని కొట్టి ఒకటి ఇచ్చిన సరిపోవును. ఈ చివరిదానికి యంత్రము చెడినదని మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోయినవారిని చూచితిని.

ఒకరు పంపిన ఫైలు మరొకరి వద్ద తెరుచుకొనకపోవుటకు కారణము తరచుగా సంవత్సర భేదము. ఆటోక్యాడ్ 2018లో ఫైలు రూపము మారినది. దానిని 2017 నాటి సాధనము తెరువజాలదు. పంపువారు పాత రూపమున, 2013దో 2010దో ఎన్నుకొని భద్రపరచి పంపినచో సరి. ఇంటిని మూడు కొలతల బొమ్మగా చూపు కిటికీ నల్లగా నిలిచిపోయినచో, కంప్యూటరు చిత్రభాగమును నడుపు డ్రైవరును క్రొత్తదిగా చేయవలెను. ఎన్ని చేసినను, ప్లాను పూర్తియైన నాడే ఫైలును, పీడీఎఫ్‌ను ఇంటివారు అడిగి తీసికొని రెండు చోట్ల దాచుకొనవలెను. పది సంవత్సరముల తరువాత మేడ వేయునపుడు గీసినవాడు ఏ ఊరిలో నుండునో ఎవరికి తెలియును? స్థలపు పత్రములతోపాటు ప్లాను ఫైలు కూడ ఇంటి ఆస్తియే.

ఇదంతయు విని మన పెద్దలలో కొందరు, "ఈ యంత్రములు లేకయే మా తాతలు ఇండ్లు కట్టలేదా" అందురు. కట్టినారు. కాని వారు పునాదికి ముగ్గు పోసిన నాడు ఇల్లాలు స్వయముగా ఆ ముగ్గులో నిలిచి, ఇది వంటిల్లు, ఇది పడకగది యని నడిచి చూచుకొనెడిది. తప్పు అచ్చటనే బయటపడెడిది. మనము ఆ నడకను మాని, కాగితపు చక్కదనమును నమ్ముచున్నాము. విడువవలసినది యంత్రమును గాదు, ఈ నమ్మకమును. మరికొందరు, "ఇంజనీరునకు రుసుము ఇచ్చితిమి, మన కెందులకీ తలనొప్పి" అందురు. స్తంభము ఎంత బరువు మోయును, పునాది ఎంత లోతు, కమ్మి ఎంత మందము అను సంగతులు నిశ్చయముగా ఇంజనీరువే. తెరపై ఇల్లు అందముగా నిలిచినదని నేలపై నిలువదు. గదులు గీయు సాధనము అంత మాత్రమున బరువుల లెక్క కట్టదు. అందు మనము తలదూర్పరాదు. కాని మా అక్కగారి అత్తగారికి వాకరు తిరుగుటకు ఎంత చోటు కావలయునో ఏ ఇంజనీరునకు తెలియును? అది ఇంటివారికే తెలిసిన విద్య.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత ఊరక పుట్టలేదు. పెండ్లి సంబంధమునకు ఎన్ని నెలలు విచారింతుము! ఇంటి ప్లానును మాత్రము అచ్చు దుకాణమునుండి తెచ్చిన నాడే మేస్త్రీ చేతిలో పెట్టుదుము.

కావున మన సంఘ కార్యవర్గమునకు నేనొక సూచన చేయుచున్నాను. నెలకొక ఆదివారము సాయంకాలము సంఘ భవనమున ఒక బల్ల, ఒక కంప్యూటరు ఏర్పాటు చేయుదము. ఇల్లు కట్టబోవు మనవారు ప్లానుతో రావచ్చును. మన బిడ్డలలో ఈ విద్య నేర్చినవారు కూర్చుండి, చుక్క గల అంకెలను, గోడల కొలతలను, అచ్చు నిష్పత్తిని, అక్షరములను పరీక్షించి చెప్పుదురు. మా మేనకోడలు మొదటి ఆదివారమునకు ఒప్పుకొన్నది. ఆనాటి కాగితము, సిరా ఖర్చు నేను పెట్టుకొందును. ఇంజనీరు పనిలో జోక్యము చేసికొనుట మన ఉద్దేశము కాదు. ఆయనను ఏమి అడుగవలెనో ఇంటివారికి తెలియజేయుటయే ఉద్దేశము. వచ్చునపుడు ఇంటి ఆడువారిని తప్పక వెంట తీసికొని రావలెను. ఆ యింట ఎక్కువ కాలము గడపువారు వారే గదా!

మా దుకాణమున గల్లాపెట్టె ప్రక్కన ఆ 10.10 చీటీని అద్దము బిగించి వ్రేలాడదీసితిని. కొలతలు వ్రాసి ఇమ్మని వచ్చినవారు అదేమని అడుగుదురు. చెప్పుచుందును. మా అక్కగారి అత్తగారు నేడు ఆ గదిలో వాకరుతో కిటికీ వరకు నడచిపోయి కూర్చుండుచున్నారు. నేను పోయినపుడెల్ల, "నాయనా, మరల చుక్క పెట్టకుము" అని నవ్వుచుందురు. ఆ హెచ్చరిక నా ఒక్కనికే గాక, ఇల్లు కట్టబోవు ప్రతి తెలుగు కుటుంబమునకును చెందునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాసితిని. పెద్దలు తప్పులున్న మన్నించి, సూచనను ఆలోచింతురు గాక.